ఆదివారం నీది, అమావాస్య నాది

గార్లదిన్నె,
12-6-1978

చి. రామాంజినమ్మకు,

అవ్వ నాగలక్ష్మమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళెట్లా ఉన్నాయి, కళ్ళెట్లా ఉన్నాయి అని విడివిడిగా అడిగితే జవాబు వేరుగా ఉంటుంది గనక అడగవద్దు.

నీ ఉత్తరం అందింది. ఇన్‌లాండు కవరు మూడు వైపులా నింపి, చాలక బంక పూసే అంచు మీద కూడా రాశావు. ఆ అంచు మీద రాసిన రెండు వాక్యాలు చింపేటప్పుడు పోయాయి. మిగిలిందంతా ఏడుపే గనక పెద్దగా నష్టం లేదు.

నీ బాధ నాకు అర్థమైనంతవరకు ఇది. పెళ్ళయి ఏడాదయింది. నువ్వు ముదిగుబ్బ ఆరోగ్య కేంద్రంలో కాన్పులు చేసే నర్సువు. మీ ఆయన జయరాముడు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. నీకు సెలవు ఆదివారం. మగ్గానికి సెలవు అమావాస్య. ఆదివారం నువ్వు బస్సు దిగి ఇల్లు చేరేసరికి అతను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. నీ ముఖం చూడాలంటే తల ఎత్తాలి, తల ఎత్తితే పోగు తెగుతుంది. అమావాస్య నాడు అతను స్నానం చేసి, తల దువ్వుకుని, అరుగు మీద తీరిగ్గా కూర్చుంటాడు. అప్పుడు నువ్వు ముదిగుబ్బలో ఎవరి బిడ్డకో బొడ్డు కోస్తుంటావు. ఒకరిది సూర్యుడి లెక్క, ఒకరిది చంద్రుడి లెక్క. మీ ముహూర్తం పెట్టిన పంతులు అన్నీ చూశాడు గానీ ఇది చూడలేదు.

ఇది చాలదన్నట్టు మీ అత్త కదిరమ్మ. పెద్ద అంచు చీర నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరుండాలి, పక్కన కూర్చుని అంచు పోగును అటూ ఇటూ తిప్పే నాడె అందించే మనిషి ఒకరు కావాలి. ఇన్నేళ్ళూ ఆ పని ఆమెదే. ఇప్పుడేమో "నా మోకాళ్ళు అరిగిపోయినాయి, కోడలు ఉద్యోగం ఇడిసిపెట్టి నా చోట్లో కూసోవల్ల" అంటున్నదని రాశావు. మోకాళ్ళ విషయంలో నేను ఆమె పక్షమే. ఉద్యోగం విషయంలో కాదు.

సరే, ఉపాయం విను. మీ కేంద్రంలో ఇంకో నర్సు ఉంది కదా, ఎస్తేరమ్మ. ఆమెది చర్చికి పోయే కుటుంబం. ముందు చేరినదానివని ఆదివారం సెలవు నీకిచ్చి, ఆమెకు పనికిరాని వారమేదో అంటగట్టారు. నీ ఆదివారాలన్నీ ఆమెకిచ్చెయ్. బదులుగా ఆమె దగ్గర అమావాస్యలు పుచ్చుకో. మీ ఆయనకు ముందుగా చెప్పకు. మగవాళ్ళకు చెప్పి చేసే మేలు సగం మేలే. అమావాస్య పొద్దున వాకిట్లో నిలబడు, చాలు.

ఇక్కడ వాన లేదు. చెనక్కాయ విత్తనాలు సిద్ధం చేసుకుని ఊరంతా ఆకాశం చూస్తున్నది. మెడలు నొప్పి పుట్టడం తప్ప ఇప్పటిదాకా ఫలితం కనిపించలేదు. 

ఎంత తొందరైనా కార్డు మాత్రం రాయకు. మా పోస్టుమాన్ లక్ష్మన్న నా దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాడు. ఆ కృతజ్ఞతతో నా కార్డులన్నీ నాకంటే ముందే చదివిపెడతాడు.

మీ అవ్వ


ముదిగుబ్బ,
24-6-1978

మా అవ్వకు,

రామాంజినమ్మ నమస్కారాలు. బంక కింద పోయిన రెండు వాక్యాలూ నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగినవే. పోవడమే మంచిదయింది.

అవ్వా, నీ తెలివికి దండం. ఎస్తేరమ్మక్కకు విషయం చెప్పగానే సూదులు ఉడకబెట్టే గిన్నె అట్లాగే పొయ్యి మీద వదిలేసి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆదివారం ప్రార్థనకు పోక రెండేండ్లాయ మే. పాస్టరు గారు నన్ను చూసి కొత్తగా చేరినావా అమ్మా అని అడిగినాడు" అంది. ఇద్దరం డాక్టరు సారు దగ్గరికి పోయాం. "కాన్పులు ఆగకుండా ఉంటే సాలమ్మా, సెలవులు మీరూ మీరూ పంచుకోండి" అన్నారు.

వచ్చే అమావాస్య బుధవారం, జులై అయిదు. నువ్వు చెప్పినట్టే ఆయనకు చెప్పలేదు. వచ్చే శనివారం నుంచి పల్లెల్లో టీకాల పని ఉంది, మంగళవారం దాకా జీపులోనే తిరుగుతుంటాను. అక్కడి నుంచే బుధవారం పొద్దున ధర్మవరం బస్సెక్కుతాను. మల్లెపూలు వాడిపోతాయని కనకాంబరాలు కట్టించి పెట్టుకున్నాను. నవ్వకు.

అత్త గురించి నేను రాసింది చదివి ఆమె మీద కోపం పెంచుకోకు. ఆదివారం పోయినప్పుడల్లా నా కోసమని పొయ్యిలో జొన్నరొట్టె వెచ్చగా దాచిపెడుతుంది. ఆ రొట్టె తింటుండగానే "ఉద్యోగం ఎప్పుడు మానేస్తావు" అని అడుగుతుంది, అంతే.

నీ
రామాంజినమ్మ


గార్లదిన్నె,
30-6-1978

చి. రామాంజినమ్మకు,

ఆశీస్సులు తర్వాత. ముందు ఇది చదువు.

నువ్వు బుధవారం ధర్మవరం పోవద్దు. పోతే మీ ఆయనకు ముందుగా కబురు పెట్టి పో.

కారణం చెబుతాను. నీ ఉత్తరం రావడానికి ముందే జయరాముడు మా ఊరొచ్చాడు, మా వీధిలో పెళ్ళివారికి చీర ఇవ్వడానికి. వచ్చినవాడు నన్ను చూడకుండా పోకూడదని ఇంటికొచ్చి, ఒక ముద్ద తిని, ఒక గంట కూర్చున్నాడు. మంచివాడే. మాటలు మాత్రం నాకు కళ్ళనీళ్ళు వచ్చినట్టే వస్తాయి, ఏడాదికొకసారి. చివరికి "రామాంజి ఆదివారం వచ్చి ఉత్తచేతులతో పోతాంది అవ్వా, నాకు ఏం చేయల్లనో తెల్వదు" అన్నాడు. ఆ మాటకు నా మనసు కరిగింది. నా మనసు కరగడం ఎప్పుడూ ప్రమాదమే.

"ఏమప్పా జయరాముడూ, అమావాస్య నాడు నువ్వు నాడె విసిరితే మీ నేతగాళ్ళ దేవత చౌడమ్మ తల్లి ఏమీ అనుకోదు. ఆదివారం వచ్చిన పెళ్ళాం ముఖం చూడకపోతే మాత్రం అనుకుంటుంది. ఈ అమావాస్యకు మగ్గం ఆడించు, ఆదివారం మగ్గం దిగు. ముందుగా చెప్పొద్దు. ఆడవాళ్ళకు చెప్పి చేసే మేలు సగం మేలే" అన్నాను.

అవును, నీకు చెప్పిన మాటే. మంచి మాట ఒకటి దొరికితే రెండుసార్లు వాడుకోవడం నా అలవాటు.

నువ్వింత చురుగ్గా ఎస్తేరమ్మతో తేల్చుకుంటావని నేననుకోలేదు. చిన్నప్పుడు ఒక లెక్క చేయమంటే మూడు రోజులు పట్టేది నీకు. ఈ ఉత్తరం అందిన వెంటనే ఏదో ఒకటి చెయ్.

అవ్వ


ముదిగుబ్బ,
7-7-1978

అవ్వకు,

నీ ఉత్తరం అందింది. గురువారం పొద్దున, అంతా అయిపోయిన తర్వాత, నా క్వార్టరు తలుపు కింద దొరికింది. సోమవారమే వచ్చిందట. నేను ఆ రోజు ఏదో పల్లెలో పిల్లల చేతులు పట్టుకుని టీకాలు వేస్తున్నాను.

జరిగింది రాస్తాను. నవ్వితే నవ్వు, నాకైతే ఇంకా నవ్వు రాలేదు.

బుధవారం ధర్మవరంలో మా వీధి మొదట్లో దిగాను. అమావాస్య నాడు ఆ వీధి ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. రోజూ ఇంటింటా మగ్గాల చప్పుడుతో మనిషి మాట మనిషికి వినపడదు. ఆ రోజు మాత్రం కాకి అరిస్తే ఈ చివర నుంచి ఆ చివరకు వినపడుతుంది. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక మగ్గం ఆడుతున్నది. ఎవరు చెప్మా ఈ పాపం చేసేది అనుకుంటూ నడిచాను. నడిచే కొద్దీ చప్పుడు దగ్గరైంది. మా ఇల్లే.

వాకిట్లో జనం. అరుగు మీద అత్త తల మీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. ఆయనకు పట్టు ఇచ్చి నేయించే గంగాధరప్ప గడప దగ్గర నిలబడి అడుగుతున్నాడు: "ఏమప్పా జయరాముడూ, ఊరందరికీ అమావాస్య వచ్చింటే మీ ఇంటికి మాత్రం రాలేదా?"

మా ఆయన నేస్తూనే ఉన్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. పోగు తెగింది.

"నువ్వు ఈ పొద్దు యాల వచ్చినావు?" అన్నాడు.

అవ్వా, కనకాంబరాలు పెట్టుకుని, ఎండలో బస్సు మారి, వాకిట్లో నిలబడినదాన్ని అడిగే మాట అదేనా?

"రాకూడదా?"

"ఆదివారం రావల్ల. నీ కోసరమే ఆదివారం పెట్టుకుంటి, నీ కోసరమే ఈ పొద్దు నేస్తాండా!"

"ఆదివారం నాకు డ్యూటీ. నీ కోసరమే ఆదివారం మార్చుకుని వచ్చినా!"

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, అత్త కొంగు తీసింది. "కోడలు ఉద్యోగంతో ఆదివారం పాయ. ఇప్పుడు కొడుకు పుణ్యాన అమావాస్య కూడా పాయ. ఇంగ ఈ ఇంట్లో మిగిలింది ఏమప్పా?" అని గంగాధరప్పనే అడిగింది. అతను "పట్టు నా ఇంట్లోది, పాపం మీ ఇంట్లోది" అని గొణుగుతూ పోయాడు.

ఆయన మగ్గం దిగాడు గానీ అప్పటికే ఇంటినిండా బంధువులు. అత్త ముద్ద ముట్టలేదు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని మంచినీళ్ళయినా తాగలేదు. సాయంత్రం బస్సుకు వచ్చేశాను. బస్టాండు దాకా ఆయన వచ్చాడు. "మన ఇద్దరిలో ఒకరు పని మానుకోవల్ల రామాంజీ" అన్నాడు. ఎవరో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు కదా. మగ్గం మానేస్తే ఆయనకు ఇంకో పని రాదు.

అందుకే నిర్ణయం చేసుకున్నాను. ఈ నెలాఖరుకు రాజీనామా ఇస్తాను. అత్త చోట్లో నేను కూర్చుంటాను. నువ్వు వద్దనకు అవ్వా. వద్దంటే వినలేను, సరేనంటే తట్టుకోలేను.

రామాంజినమ్మ


గార్లదిన్నె,
12-7-1978

చి. రామాంజినమ్మకు,

ఇక్కడ వాన పడింది. ఊరంతా విత్తనాలు వేసింది. ఒక్క వానకే ఇంత నమ్మకం పెట్టుకునే జనం మీద నాకు జాలీ, కొంచెం అసూయా.

నేను వద్దనను. సరే అనను. మీ ఇంట్లో రెండు సెలవులు ఉండేవి, నా సలహాలతో రెండూ పోయాయి. ఇక మీదట నీకు ఊరమిరపకాయలు మాత్రమే పంపుతాను. అవీ కారంగానే ఉంటాయి గానీ తినేవాళ్ళకే తప్ప పక్కవాళ్ళకు మంట పెట్టవు.

ఒకటి మాత్రం తేటగా రాస్తాను. ఉద్యోగం నా కోసం ఉంచుకోవద్దు. నిన్ను నర్సు చదివించింది నలుగురిలో గొప్ప చెప్పుకోవడానికి. ఆ గొప్పలు నేను అప్పుడే చెప్పేసుకున్నాను. గార్లదిన్నెలో ఇంకా వినని చెవి లేదు. కాబట్టి నువ్వు నాకు బాకీ ఏమీ లేవు. మీ నాయన గుంతకల్లు రైల్వేలో ఉన్నాడు, వాడికి నీ ఉద్యోగం కంటే గూడ్సు బండ్ల మీదే ధ్యాస. అందువల్ల వాడి కోసం కూడా ఉంచుకోవద్దు.

నిరుడు మొదటిసారి నువ్వొక్కదానివే కాన్పు చేసి నాకు రాసిన ఉత్తరం జ్ఞాపకం ఉందా? ఆ బిడ్డ ఏడవడానికి ఎంత ఆలస్యం చేసిందో, నువ్వెంత హడలిపోయావో చెప్పి, అది ఏడవగానే నువ్వు కూడా కూర్చుని ఏడ్చానని రాశావు. ఆ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివాను. మగ్గం పక్కన కూర్చుని అట్లాంటి ఉత్తరం రాయగలవా? రాయగలనంటే మాను. మగ్గం పనీ గొప్పదే, నేను కాదనను. చేసేవాళ్ళకు ఇష్టం ఉంటే.

కోపం మీద రాసిన రాజీనామాలో తప్పులు దొర్లుతాయి. కోపం తగ్గాక రాయి. తగ్గాక కూడా రాయాలనిపిస్తే నాకు పంపు, దిద్ది పంపిస్తాను. తప్పులున్న రాజీనామా మన ఇంటి నుంచి పోకూడదు.

అవ్వ

తా.క. ఇది సలహా కాదు.


ముదిగుబ్బ,
27-7-1978

అవ్వకు,

నమస్కారాలు. ఊరమిరపకాయలు అందాయి. మా అటెండరు కుళ్ళాయప్ప వాసన పట్టి సగం పట్టుకుపోయాడు.

మొన్న మంగళవారం ఆయన వచ్చాడు. మంగళవారం! ఆదివారం కాదు, అమావాస్య కాదు. మగ్గం మీద చీర ఉండగా.

ఆ రోజు పొద్దున గొర్రెలు కాసుకునే వాళ్ళ ఇంటి నుంచి కదిరక్క అని ఒకామెను మంచం మీద మోసుకొచ్చారు. కాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరు సారూ నేనూ ఎస్తేరమ్మక్కా మధ్యాహ్నం దాటేదాకా బయటకు రాలేదు. తల్లీ బిడ్డా బతికారు. చెయ్యి కడుక్కుంటుంటే కుళ్ళాయప్ప వచ్చి "అమ్మా, మీ ఆయప్ప పొద్దున్నుంచి వరండాలో కూసోనుండాడు. టీ ఇస్తే వద్దన్నాడు" అన్నాడు.

పరుగెత్తాను. ఆయన కదిరక్క మామగారి పక్కన కూర్చుని వాళ్ళ గొర్రెల సంగతులు వింటున్నాడు.

"వచ్చి ఎంతసేపైంది? పిలిపించకూడదా?"

"పిలిస్తి. నీకు ఇనపడలా." మళ్ళీ అన్నాడు: "నేను గుంతలో ఉంటే నువ్వు వచ్చింది నాకు తెలీదని ఏడుస్తావే. ఈ పొద్దు నేనొచ్చింది నీకు తెలిసిందా?"



నన్ను తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాను. క్వార్టరుకు తీసుకెళ్ళి అన్నం పెట్టాను. తింటూ తింటూ వేళ్ళ కణుపులతో నేల తట్టి చూశాడు.

"సిమెంటా?"

"ప్రభుత్వం కట్టించింది కదా, సిమెంటే."

"ఛ" అన్నాడు. చెయ్యి కడుక్కుని "ఈ ఊర్లో మట్టినేల ఇండ్లు బాడుగకు దొరకవా?" అని అడిగాడు. నా క్వార్టరుకు ఏం తక్కువని అడిగితే "ఇల్లు బాగుండాది, నేలే బాగలేదు" అన్నాడు. బస్సు టైమైందని పోయాడు. ఏడాదిలో మొదటిసారి పనిరోజున వచ్చి, పెళ్ళాంతో నేల గురించి మాట్లాడిపోయిన మొగుణ్ణి ఎక్కడైనా చూశావా? ఆయన మతి సరిగ్గానే ఉందంటావా?

కోపం పోయింది అవ్వా. ఇప్పుడు దిగులే ఉంది. రాజీనామా రాసిపెట్టాను, సోమవారం ఇస్తాను. దిగులు మీద రాసినా తప్పులు దొర్లుతాయా?

రామాంజినమ్మ


గార్లదిన్నె,
29-7-1978

రామాంజినమ్మకు,

ఎనిమిదో తరగతి దాకా నా దగ్గరే చదివిన పిల్లవు ఇంత మొద్దువెట్లా అయ్యావు?

నేతగాడు ఇల్లు చూసేటప్పుడు వంటిల్లు చూడకుండా నేల మట్టిదా అని ఎందుకడుగుతాడు? మగ్గానికి గుంత తవ్వుకోవడానికి. సిమెంటు నేలలో గుంత తవ్వితే ప్రభుత్వం ఊరుకోదు. వాడు నిన్ను తీసుకుపోవడానికి రాలేదు, తన మగ్గం అక్కడికి తెచ్చుకోవడానికి వచ్చాడు.

ఆ రాజీనామా కాగితంతో పొయ్యి ముట్టించుకో. పొయ్యి మీద వాడికేదైనా తీపి చేసిపెట్టు.

ఈ ఉత్తరం లక్ష్మన్న చేతికివ్వలేదు. సోమవారం లోపల చేరాలని ముదిగుబ్బ వైపు పోయే మన ఊరి సుబ్బన్న చేతికిచ్చి పంపుతున్నాను. లక్ష్మన్న నాతో మాట్లాడటం మానేశాడు.

అవ్వ


ముదిగుబ్బ,
6-9-1978

అవ్వకు,

కోటి దండాలు. నువ్వన్నదే నిజం. సుబ్బన్న ఆదివారం వచ్చి ఉత్తరమిచ్చాడు. ఆ మర్నాడు ఆయనే వచ్చి విషయం చెప్పాడు. "ముందే చెప్పకూడదా" అంటే "చెప్పి చేస్తే సగం మేలేనంట, అవ్వ చెప్పింది" అన్నాడు. దయచేసి ఆ మాట ఇంకెవరికీ చెప్పకు.

గంగాధరప్ప ఏమంటాడోనని భయపడ్డాం. ఆయన మాత్రం ఆలోచించి "చీర కట్టుకునేటోళ్ళు అది యా ఊర్లో నేసింది అని అడగరు కదప్పా. వారం వారం వచ్చి పట్టు తీసుకుపో. అమావాస్య గొడవ మాత్రం నా వాకిట్లోకి తేవద్దు" అన్నాడు. కష్టమల్లా అత్తతోనే. "పెండ్లాం ఉద్యోగం ఎనక మగ్గం మోసుకుపోయినోడని లోకం నవ్వుతాది. నేను మాత్రం ఈ గడప దాటను" అని కచ్చితంగా చెప్పేసింది. ఆమె రాకపోతే అంచు నాడె అందించేవాళ్ళు లేరు. పెద్ద అంచు చీర లేకపోతే గంగాధరప్ప పట్టు ఇవ్వడు. అంటే మళ్ళీ ఆ చోట్లో నేనే కూర్చోవాలి. అయినా ఏదో ఒకటి అవుతుందని ఊరి చివర బసప్ప ఇల్లు బాడుగకు తీసుకున్నాం. మట్టినేల, గట్టిది. ఆయన దాన్ని తట్టి చూసి నవ్విన నవ్వు మా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఇక మొన్న శనివారం అమావాస్య. ఈసారి సెలవు మార్చుకోలేదు గనక నాకు డ్యూటీ. మగ్గం పని లేని రోజు కదా అని గుంత తవ్వడానికి ఆ రోజే పెట్టుకున్నాడు. గాలికి దుమ్ము లేస్తోందని తలుపు మూసుకున్నాడు. ఇంతే ఆయన చేసిన తప్పు.

ఊరికి కొత్త మనిషి, అమావాస్య రోజు, తలుపు మూసుకుని, నట్టింట్లో గడ్డపారతో తవ్వుతున్నాడు. మన సీమలో ఇంకేమనుకుంటారు? నిధి! గంటలో ఊరు ఊరంతా దిగింది. కేంద్రానికి కుళ్ళాయప్ప పరుగెత్తుకొచ్చి "అమ్మా, బిన్నా రాండి, మీ ఆయప్పకు లంకెబిందెలు దొరికినాయంట!" అన్నాడు.

నేను పోయేసరికి బసప్ప గుంత గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "దొరికిందాంట్లో సగం ఇల్లుగలోనిది. ఇది న్యాయం" అంటున్నాడు.

"ఇది మగ్గం గుంత అన్నా" అని ఆయన.

"కానీలే అప్పా. మగ్గమే అను. ఎవురన్నా నిజం చెప్పి తవ్వుతారా?"

నేను చెప్పినా వినలేదు. పైగా, మా ఆయన మెల్లగా తవ్వుతున్నాడని, చీకటి పడకముందే తేలాలని, పంచె ఎగ్గట్టి బసప్పే గుంతలోకి దిగాడు. అవ్వా, ఆ వయసులో అంత జోరుగా తవ్వే మనిషిని నేను చూడలేదు. మా ఆయన గట్టు మీద కూర్చుని మన్ను ఎత్తిపోశాడు. చివరికి ఒక బండ తగిలింది. బసప్ప దండం పెట్టుకుని బండ లేవనెత్తాడు. కింద ఇంకో బండ ఉంది. అప్పుడు నమ్మాడు.

అసలు కథ మర్నాడు. ఈ గాలివార్త ధర్మవరం చేరేసరికి పెరిగింది. జయరాముడు నిధి తవ్వుతూ పట్టుబడ్డాడు, బేడీలు వేసి కూర్చోబెట్టారు అని. గడప దాటనన్న అత్త మొదటి బస్సుకే వచ్చింది. బస్టాండు నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. ఇంట్లోకి వచ్చి కొడుకును చూసింది, చేతులు చూసింది, బేడీలు లేవు. అప్పుడు గుంతలోకి చూసింది. ఏడుపు ఆగిపోయింది.

"ఇది మగ్గం గుంతనా, బాయినా? దీంట్లో కూసుంటే నా కొడుకు జుట్టు కూడా కనపడదు. నేను పక్కన కూసోని నాడె యాడికి అందియ్యల్ల?"

నేనూ ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అత్త మమ్మల్ని పట్టించుకోలేదు. "ఏం చూస్తాండారు? రెండు జానలు మన్ను పూడ్చండి" అని బసప్పను కూడా కలిపి కేకలేసింది. బసప్ప పార అందుకున్నాడు.

మధ్యాహ్నం రొట్టె తింటూ మెల్లగా అడిగాను, "మోకాళ్ళు ఎట్లా అత్తా?" అని. "నర్సు ఇంట్లోనే ఉండాది కదా, మందు రాయి" అంది. ఉద్యోగం ఎప్పుడు మానేస్తావని మాత్రం అడగలేదు.

నీ
రామాంజినమ్మ


గార్లదిన్నె,
14-9-1978

చి. రామాంజినమ్మకు,

నీ ఉత్తరం ఒంటరిగా చదివి నవ్వుతుంటే పక్కింటి పెద్దక్క వచ్చి నా నుదురు తాకి చూసింది.

కదిరమ్మ విషయంలో నేను పొరపాటు పడ్డాను. ఆమె నీ ఉద్యోగానికి శత్రువనుకున్నాను. మగ్గం తన చేతుల్లోంచి పోతుందని ఆమె దిగులు, అంతే. చేతిలో పని ఉన్న మనిషికి ఆ దిగులు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నేను బడి నుంచి రిటైరయిన వారం మొత్తం బర్రెకు ఎక్కాలు నేర్పబోయాను.

ఆ దిగులు పడలేకే ఒక పని ఒప్పుకున్నాను. మా వీధి ఆడవాళ్ళకు సాయంత్రం పూట చదువు చెబుతున్నాను. పలకలు పట్టుకుని పదహారు మంది వస్తున్నారు. అందరూ నాకంటే గట్టిగా మాట్లాడతారు. నిన్న ఒకామె తన పేరు రాసుకుని, చాలాసేపు చూసుకుని, "ఇంత చిన్నదా నా పేరు?" అన్నది.

చెనక్కాయ పైరుకు మళ్ళీ వాన కావాలి. ఆకాశం రిటైరయినట్టుంది.

కదిరమ్మ మోకాళ్ళకు ఏ మందు రాస్తున్నావో నాకు కూడా రాయి. ఆమెకు చెప్పకు.

అవ్వ


ముదిగుబ్బ,
5-10-1978

అవ్వకు,

నమస్కారాలు. మందు సీసా సుబ్బన్నతో పంపుతున్నాను. అత్తకు చెప్పలేదు. కానీ మూట కట్టింది ఆమే.

సోమవారం అమావాస్య. గాంధీ జయంతి కూడా ఆ రోజే పడింది. ఎవరితోనూ మార్చుకోకుండా, ఎవరికీ చెప్పకుండా, మగ్గానికీ ఆరోగ్య కేంద్రానికీ ఒకేసారి సెలవు. అత్త పొద్దున్నే లేచి మామగారి పేరున పెద్దల అమావాస్య వంట చేసింది. కాకికి పెట్టి, మా ముగ్గురికీ ఆకులు వేసింది. నేను మొదటి ముద్ద కలుపుతున్నాను. వాకిట్లో కేక.

"నర్సమ్మా! నర్సమ్మా!"

ఊర్లో గొర్రెలు కాసుకునే రంగన్న. భార్యకు నొప్పులు మొదలయ్యాయి, తొలికాన్పు, ఆరోగ్య కేంద్రం దాకా నడవలేదు. ఎస్తేరమ్మక్క ఊర్లో లేదు.

నా చెయ్యి అన్నంలోనే ఉంది. ఆయన ముఖం చూడలేదు, అత్త ముఖం చూశాను. పెద్దల పండుగ, ఏడాదికొకసారి. మొన్న మొన్నటిదాకా ఇట్లాంటి కేక వింటేనే ఆమె ముఖం తిప్పుకునేది.

"నా మొగం చూస్తావేం మే?" అంది అత్త. "మగ్గం మీద చీర ఉంటే నేను ఎవుర్దన్నా మొగం చూస్తానా? లెయ్, పో. మీ మామ ఓర్పు గలోడు, నీ కోసరం ఇంకో కాకిని పంపుతాడులే."

ఆయన అప్పటికే లేచి నా సంచి తెచ్చి చేతికిచ్చాడు. గుమ్మం దగ్గర "తినకుండా ఉంటా" అన్నాడు. "తిను" అన్నాను. "ఊఁ" అన్నాడు.

ఆడపిల్ల పుట్టింది. రంగన్న ఆడపిల్లా అని ముఖం వేలాడేసుకుంటే వాళ్ళమ్మే తిట్టింది. పొద్దు వాలాక ఇల్లు చేరాను. ఆయన తినలేదు. అత్త నా ఆకు మీద ఇంకో ఆకు బోర్లించి పెట్టి, ఈగలు తోలుతూ కూర్చుని ఉంది. ఇద్దరం కూర్చుని తిన్నాం. చల్లారిన పప్పు, గట్టిపడిన పాయసం. అంతటి సెలవులో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుంది ఆ తిన్నంత సేపే. చాలా సేపు తిన్నాం అవ్వా.

ఉద్యోగం ఉంటుంది. ఇది నీకు రాయాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టి, దారి తప్పి ఇంతదూరం వచ్చాను.

దీపావళి అమావాస్యకు నువ్వు రావాలి. ఆయనకు ఎట్లాగూ మగ్గం ఉండదు, నేను రెండు రోజులు సెలవు పెడతాను. నిన్ను కాలు కదపనీయం. అత్త కూడా రమ్మంటున్నది. "మీ అవ్వతో నాకు మాట్లాడే పనుండాది" అన్నది. ఏం పనో చెప్పలేదు.

నీ
రామాంజినమ్మ


గార్లదిన్నె,
9-10-1978

చి. రామాంజినమ్మకు,

మందు అందింది. పనిచేస్తున్నది. ఈ సంగతి మూట కట్టిన మనిషికి చెప్పవచ్చు.

దీపావళికి రాను. సెలవు నాడు అందరూ మంచివాళ్ళే. తలంటుకుని, కొత్తబట్టలు కట్టుకుని, ఒకరికొకరు వడ్డించుకుంటూ ఉండే మొగుడూ పెళ్ళాలను చూడటానికి అంతదూరం బస్సులో ఒళ్ళు హూనం చేసుకోవడమెందుకు? అట్లాంటి జంటలు మా వీధిలోనే ఉన్నాయి. మర్నాటికి వాళ్ళ కేకలు కూడా వినపడతాయి.

నేను చూడాలనుకున్నది వేరే. నువ్వు పొద్దున్నే సంచి తగిలించుకుని పరుగెత్తుతుండాలి. జయరాముడు గుంతలో కూర్చుని, తల ఎత్తకుండానే నీకు ఏదో ఒకటి చెప్పాలి. కదిరమ్మ నాడె అందిస్తూ మీ ఇద్దరినీ తిట్టాలి. అన్నం ఎవరు వండారో ఎవరికీ తెలియకూడదు. ఆ గందరగోళంలో ఒక మూల నాకు పీట వేస్తే చాలు. కదిరమ్మకు నాతో మాట్లాడే పని ఉందన్నావు కదా, నాకూ ఆమెతో ఉంది. బడికొక మాస్టరు, మగ్గానికొక మాస్టరు, ఇద్దరం ఒకచోట చేరితే ఊరికంత మంచిది కాదు. అయినా చేరతాం.

బుధవారం మా ఆడవాళ్ళందరూ సంతకు పోతారు గనక నాకు బడి ఉండదు. వచ్చే బుధవారం పొద్దున బస్సుకు వస్తున్నాను.

ఆ రోజు నువ్వు సెలవు పెట్టావో, వచ్చిన బస్సులోనే వెనక్కి పోతాను.

మీ అవ్వ
నాగలక్ష్మమ్మ